కంచె అవతలి సాలు

బెల్లంపల్లిలో మా చర్చి వెనక కొంత ఎర్ర చెలక నేల ఉండేది. దాన్ని ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో నేను వెళ్లేనాటికే చెప్పగలిగినవాళ్లు లేరు. సంఘం వాళ్లు రాళ్లు ఏరి, చుట్టూ ముళ్లకంప నాటి దాన్ని తోటగా చేసుకున్నారు. మిరుగు కార్తె వచ్చి మొదటి వాన పడిన తర్వాతి శనివారం అందరూ పారలు పట్టుకుని దిగేవారు. మగవాళ్లలో చాలామంది బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లే. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, కళ్ల అంచుల్లో నల్లటి గీత ఇంకా ఉండగానే వచ్చేవారు. రోజంతా భూమి లోపల ఉండి వచ్చినవాళ్లు మళ్లీ మట్టి ముట్టుకోవడానికి అంత ఉబలాటపడటం నాకు మొదట్లో వింతగా ఉండేది. అక్కడ నల్లది, ఇక్కడ ఎర్రది, అంతే తేడా అనేవాళ్లు వాళ్లు.

తోటలో ఇంటికొక సాలు. మా సంఘపెద్ద తాడు పట్టి, రెండు కొసలా మేకులు కొట్టి గీసి ఇచ్చేవాడు. అందరం ఆయన్ను పెద్దబాపు అనేవాళ్లం, ఆయన భార్యను పెద్దమ్మ అనేవాళ్లం. బాయిలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. తాడు రవ్వంత వంకర పోయినా ఊరుకునేవాడు కాదు. ఎవరి సాలులో వాళ్లు తమకు నచ్చింది పెట్టుకునేవారు: మక్క, బెండ, చిక్కుడు, మిర్చి, పుంటికూర. కలుపు మాత్రం అందరిదీ అందరూ తీసేవారు. వానలు వెనకపట్టి చిక్కుడు కాత అందుకున్నాక ఒక ఆదివారం కోత పండుగ. ఆ రోజు మా పాస్టరు అయ్యగారు ఒక్కొక్క ఇంటినే పిలిచేవారు. “ఫిట్టరు గారి ఇల్లు”, “లాంపురూము వారి ఇల్లు”, అట్లా. పిలవగానే భార్యాభర్తలు, పిల్లలు అందరూ కలిసి ఒకే గంప పట్టుకుని ముందున్న బల్ల దాకా నడిచేవారు. చంటిపిల్ల చేతిని కూడా గంప అంచు మీద పెట్టించేవారు. తొలి పంట దేవునిది.

నాది సుల్తానాబాద్ దగ్గర పల్లె. మా బాపు సంఘంలో ఉపదేశి. నేను అక్షరాలు నేర్చుకున్నదే వాక్యం చదవడానికి. తెల్లవారుజామున బాపు చదువుతుంటే పక్కన కూర్చుని వెంట చెప్పేదాన్ని, తప్పు పలికితే మళ్లీ మొదటినుంచి చెప్పించేవాడు. పెళ్లయి బెల్లంపల్లి వచ్చాక చర్చి ఆవరణలోనే ఉన్న చిన్న బడిలో టీచరుగా చేరాను. మా ఆయన బాయిలో బొగ్గు టబ్బులు తోసేవాడు. మాకూ ఒక సాలు ఇచ్చారు. “టబ్బుల వారి ఇల్లు” అని అయ్యగారు పిలిస్తే ఇద్దరం లేచి నడిచాం. గంప బరువంతా ఆయనే మోస్తూ, నా చేయి ఊరికే అంచు మీద ఉంటే, “జర నువ్వు గూడ పట్టు, దేవుడు చూస్తుండు” అని గొణిగాడు. నవ్వు ఆపుకోలేక బల్ల ముందు తల దించుకున్నాను. పిల్లలు కలగకముందే ఆయనకు కామెర్లు వచ్చాయి. ఒకచోట ఆకు పసరు పోయించాం, ఇంకోచోట కట్టు కట్టించాం. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది.

ఆయన పోయిన తర్వాతి మిరుగుకు నేను కొంగున బెండగింజలు ముడివేసుకుని తోటకు పోయాను. మా సాలులో వేరేవాళ్లు ఉన్నారు. మంచిర్యాల నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం. తాడు అప్పటికే బిగించి ఉంది. ఎవరూ చెడు తలపెట్టి చేసిన పని కాదు. ఇంటికొక సాలు కదా, ఒక్క మనిషిని ఇల్లు అనరు. దాని గురించి నన్ను ఒక మాట అడగాలని కూడా వాళ్లకు తోచలేదు. ముడి విప్పకుండానే తిరిగి వచ్చాను.

ఆ ఏడే అయ్యగారు ఒక ఆదివారం పొలం అంచుల గురించి ప్రసంగించారు. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దని, రాలిన పరిగె ఏరొద్దని, దాన్ని పరదేశికీ తండ్రి లేని బిడ్డకూ విధవరాలికీ విడిచిపెట్టాలని వాక్యంలో ఉంది. నాకది చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన భాగమే. పెద్దబాపు మాత్రం ఆ రోజు మొదటిసారి విన్నట్టు విన్నాడు. ఆరాధన అయ్యాక గుమ్మంలో అడ్డంగా నిలబడి అందరినీ ఆపాడు.

“మన తోటకు అంచు ఉన్నదా, లేదా?”

“ఉన్నది.”

“మరి మనం అంచుదాకా తెంపుకుంటున్నం. ఇన్నేండ్లసంది తప్పు చేస్తున్నం.”

అక్కడికక్కడే తీర్మానమైంది. కంచె పక్కనున్న సాలును అందరూ కలిసి వేయాలి, ఎవరూ ముట్టుకోకుండా విడిచిపెట్టాలి. ఎవరికోసం అన్నదగ్గర ఆగారు. తండ్రి లేని బిడ్డలు మా సంఘంలో అప్పుడు లేరు. “పరదేశి అంటే మార్వాడీ సేటు ఉన్నడు గద, పిలుద్దామా?” అని బాయిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపురూములో పనిచేసే యువకుడు అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తగ్గుతుండగా ఒక్కొక్కరి తల నా వైపు తిరిగింది. సంఘంలో వేరే విధవరాళ్లు లేకపోలేదు. వాళ్లంతా కొడుకుల దగ్గర ఉండేవాళ్లు, వాళ్లకు ఇళ్లున్నాయి.

మొదటి ఏడు నేను సంతోషించానని చెప్పాలి. కోత పండుగ సాయంత్రం నా గుమ్మం ముందు చిక్కుడుకాయలు, మక్కకంకులు కుప్పగా పోసి పోయారు. ఏడ్చాను, మోకాళ్లూని ప్రార్థన చేశాను. నన్ను మరిచిపోలేదని అనుకున్నాను. మరుసటి ఏడు కలుపు తీసే రోజున కొడవలి తీసుకుని అందరితోపాటు దిగబోతే పెద్దబాపు చేయి అడ్డం పెట్టాడు.

“నువ్వు దిగకు బిడ్డా.”

“ఎందుకు పెద్దబాపూ?”

“నువ్వు పని చేస్తివనుకో, నీకు వచ్చేది కూలి అయితది. కూలికీ ధర్మానికీ ఫరక్ ఉన్నది. దేవుని పేరు మీద విడిచింది కూలి కింద పోతే, మనం విడిచినట్టా, విడవనట్టా?”

“అయితే నాకు ఆ సాలు వద్దు. కలుపు తీస్త.”

“వద్దంటే ఎట్లా? వాక్యం ఉన్నది గద.”

వాక్యం మీద వాదన పెట్టుకుంటే బాపు దగ్గర నేర్చిన దాన్ని, ఎవరికీ తగ్గేదాన్ని కాదు. కానీ ఆయన లెక్క ఎక్కడ తప్పిందో నాకు దొరకలేదు. ఆయన స్వయంగా పోయి బడిలోంచి స్టూలు తెచ్చి వేపచెట్టు కింద వేశాడు. “నువ్వు పాట ఎత్తుకో. కలుపు మేం తీస్తం. జర గట్టిగ పాడు, ఆ కొసకు గూడ వినబడాలె” అన్నాడు. ఆయన ముఖంలో ఎంత ప్రేమ ఉందంటే, కూర్చోక తప్పలేదు.

అప్పటినుంచి తోటలో నా పని పాట. వాళ్లు సాళ్లలో వరుసగా కూర్చుని ముందుకు జరుగుతూ పోయేవారు. నాకు కనబడేవి వీపులే. నేను చరణం అందిస్తే పల్లవి వాళ్లు అందుకునేవారు, దూరం పోయేకొద్దీ అది ఆలస్యంగా తిరిగి వచ్చేది. మధ్యలో ఆడవాళ్లు తలలు దగ్గర పెట్టుకుని ఏదో చెప్పుకుని పక్కున నవ్వేవారు. “ఏందక్కా?” అని కేక వేసి అడిగితే, “ఏం లేదు టీచరమ్మా, నువ్వు పాడు” అనేవారు. ఎవరి అత్త ఏమన్నదో, ఎవరింట్లో బియ్యం అయిపోయాయో, ఎవరికి ఎన్నో నెలో, ఈ సంగతులన్నీ సాళ్లలోనే తిరిగేవి. స్టూలు దాకా వచ్చేవి కావు. నేను సంఘమంతటి మధ్యలో కూర్చుని, సంఘమంతటికీ వినబడేలా పాడుతూ, ఇంటికి మాత్రం ఎవరి మాటా వినకుండా వచ్చేదాన్ని.

ఏళ్లు అట్లాగే గడిచాయి. నాలో గర్వం ఉంటే తీసివేయమని ప్రభువును అడిగేదాన్ని. పెట్టింది తిని కృతజ్ఞతగా ఉండటం నేర్పమని అడిగేదాన్ని. ఆయన చాలా తీసివేశాడు, కోపం తీశాడు, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లను చూసి కలిగే అసూయ కొంత తీశాడు. ఒక్కటి మాత్రం తీయలేదు. నేను కూడా నా చేతులతో పండించింది పట్టుకుని ఒక్కసారి ఆ బల్ల దాకా నడవాలి. ఇంకేమీ అక్కర్లేదు. కోత పండుగనాడు ఇళ్లను పిలుస్తుంటే నేను ఆడవాళ్ల వైపు చాప మీద ఒంటరిగా కూర్చుని ఉండేదాన్ని. అటూ ఇటూ ఉన్నవాళ్లు లేచిపోయేవారు, కాసేపటికి వచ్చి కూర్చునేవారు.

ఒకసారి ధైర్యం చేసి అయ్యగారిని అడిగాను. ఆయన మెత్తని మనిషి.

“పిలవడానికేం లేదమ్మా. ఏమని పిలవాలె?”

“టీచరమ్మ ఇల్లు అనండి అయ్యగారూ.”

“ఇంట్ల ఎవరున్నరు?”

“నేనున్న.”

“పెద్దలతోని మాట్లాడి చూస్త” అన్నారు. మాట్లాడారేమో కూడా. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా ఆయనకే ఇబ్బందిగా ఉండటం గమనించి నేనే మళ్లీ ఎత్తలేదు.

కంచెకు అవతల, దారికి ఇవతల, మనిషి పడుకునేంత వెడల్పు నేల ఒకటి ఉండేది. అది తోటలోది కాదు, దారిలోది కాదు. వానాకాలం గునుగు మొలిచేది, మేకలు తిరిగేవి. తోటలో దిగొద్దన్నారు గానీ తోట బయట దిగొద్దని ఎవరూ అనలేదు కదా అని ఒక వేసవి చివర నాకు తోచింది. బడి గంట కొట్టకముందు పొద్దున్నే పోయి తవ్వడం మొదలుపెట్టాను. రైల్వే గేటు దగ్గర పశువులు నిలబడేచోట పేడ ఏరుకొచ్చి వేశాను. కంచె పొడుగునా చిక్కుడు, బీర గింజలు పెట్టాను, కాళ్ల దగ్గర మిర్చి. తీగలు ముళ్లకంపనే పందిరి చేసుకుని పాకాయి. మేకలకు అడ్డంగా ఇంకో వరుస కంప వేయవలసి వచ్చింది, చేతులు గీసుకుపోయాయి. లోపల శనివారాలు స్టూలు మీద కూర్చుని పాడేదాన్ని, బయట మిగిలిన రోజులు మట్టిలో కూర్చుని నాలో నేను పాడుకునేదాన్ని. ఆ రెండో పాటకు పల్లవి కూడా నేనే.

సంఘం వాళ్లు చూడలేదని కాదు. చూసి, పాపం కాలక్షేపానికి చేస్తుందనుకున్నారు. మాట్లాడిందల్లా బస్తీ ఆడవాళ్లే. బతుకమ్మ రోజుల్లో గునుగుపువ్వు కోసం గంపలతో ఆ దారిన వచ్చేవారు.

“టీచరమ్మా, నీ గునుగు తీస్కపోతున్నం.”

“నాది కాదు, దేవునిది.”

“అయితే దేవున్ని అడిగినం, తీస్కపొమ్మన్నడు. నువ్వేమంటవ్?”

“బీరతీగ తొక్కకుండ్రి అంట.”

“ఏమో అనుకున్నం గని, నీకు గూడ మాటలొస్తయే!” అని ఒకామె అంటే అందరూ నవ్వారు. వాళ్లు పోయాక ఆ నవ్వు చాలాసేపు నాతో ఉంది. అది తలుచుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గేస్తుంది, అంత చిన్న మాటకు అంత ఆకలిగా ఉండేదాన్ని.

ఆ ఏడు నా కాత లోపలి సాళ్లకన్నా బాగా వచ్చింది. కోత పండుగ పొద్దున మంచు తడి ఆరకముందే తెంపాను. లేత చిక్కుళ్లు, బీరకాయలు, పైన ఎర్రటి మిర్చి. గంపను చీరచెరగు కింద దాచుకుని వెళ్లి చాప పక్కన పెట్టుకున్నాను. అయ్యగారు ఇళ్లను పిలవడం మొదలుపెట్టారు. ఒక్కో ఇల్లు లేచి నడిచి తిరిగి వచ్చి కూర్చుంది. చివరి ఇల్లు కూడా అయ్యాక ఆయన ప్రార్థనకు చేతులెత్తబోతుంటే లేచాను. అయ్యగారు పెద్దబాపు వైపు చూశారు, పెద్దబాపు పైకప్పు వైపు చూశాడు. నేను నడిచాను. గంప బరువుగానే ఉంది. అయ్యగారు ముందుకు వచ్చి రెండు చేతులా అందుకుని బల్ల మీద మిగతావాటి మధ్యలో పెట్టారు. నా పేరు అనలేదు. కానీ పెట్టారు. తిరిగి వచ్చి కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఆ క్షణం ప్రభువు నాకు ఎంత దగ్గరగా ఉన్నాడో నేను మాటల్లో పెట్టలేను.

ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం ఉంటుంది. దేవునికి ముట్టిన గంపలను పాడుకుని, ఆ సొమ్ము చర్చికి ఇస్తారు. ఆశీర్వాదం కోసమని బజారు ధరకన్నా ఎంతో ఎక్కువకు పోటీ పడతారు, అదే సరదా. లాంపురూము యువకుడే వేలంపాట నడిపేవాడు. “ఫిట్టరు గారి వంకాయలు! పుచ్చు లేదు, పుచ్చుంటే పెద్దబాపును అడుగుండ్రి!” అంటూ అందరినీ రెచ్చగొట్టేవాడు. మక్కకంకుల గంప కోసం బావ బావమరుదులు పట్టుపట్టి పైకి పైకి పాడుకుంటూ పోయారు. తర్వాత నా గంప ఎత్తాడు. ఏమనాలో తోచక ఒక్క క్షణం తడబడ్డాడు. ఆలోపే పెద్దమ్మ చేయెత్తి ఒక ధర పాడింది. ఇంకెవరూ నోరు విప్పలేదు. పాట పెంచితే బాగుండదన్నట్టు, గౌరవంగా, జాలిగా అందరూ నన్ను చూసి నవ్వుముఖం పెట్టారు. అతను “ఒకటోసారి” అని కూడా అనకుండానే గంప ఆమె చేతికిచ్చాడు. వేలమంతటిలో పోటీ లేకుండా పోయిన గంప అదొక్కటే.

సోమవారం బడి విడిచి ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన నా గంప. ఒక్క కాయ కూడా తీయలేదు.

“ఇగో బిడ్డా, నీదే. ఉంచుకో.”

“నువ్వు కొన్నవు గద పెద్దమ్మా.”

“కొన్న. దేవునికి ముట్టింది. ఇగ నీకు ముట్టాలె. నీ కష్టం మేం తింటే మాకు పాపం గాదా?”

ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. నిజంగానే నా మేలు కోరి వచ్చింది. దేవుడు అందుకున్నది తిరిగి నా గుమ్మం ముందుకు, కంచె పక్క సాలు వచ్చినట్టే వచ్చింది. నిలబడి దాన్ని చూశాను. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, తీసుకోవడానికి చేయి రాలేదు. ఆ తర్వాత నేను ఆ సంఘంలో ఉన్నన్నాళ్లూ కోత పండుగనాడు నన్ను ఎవరూ పిలవలేదు. పెద్దబాపు పోయేదాకా తన లెక్క మార్చుకోలేదు. అది ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఆ సాయంత్రం మాత్రం నా నోటివెంట వేరే మాట వచ్చింది.

“కూసో పెద్దమ్మా. వండుత. తిని పో.”

“ఇంట్ల వండిన్నే.”

“ఉండనీ. ఇది తిను.”

బొగ్గుపొయ్యి బయట పెట్టి రాజేశాను. పొగ పోయేదాకా ఇద్దరం గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీశాం. పొయ్యి లోపలికి తెచ్చి బియ్యం పెట్టాను, ఎల్లిపాయ దంచి చిక్కుడుకూర చేశాను. రెండో కంచం అటక మీద ఉంది. దించి, తుడిచి, ఆమె ముందు పెట్టాను. ఆమె ప్రార్థన చేసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

“ఉప్పు తక్కువైంది.”

“ఒక్కదానికే వండుకుని అలవాటు పెద్దమ్మా. ఇద్దరికి ఎంత వెయ్యాల్నో తెల్వలే.”

“ఇటు తే ఆ డబ్బా” అని ఆమె తానే ఉప్పు వేసి, నా కంచంలో కూడా కలిపింది.

“ఇన్నేండ్లల్ల నీ చేతి కూర తినలే నేను.”

“ఎవ్వలూ తినలే.”

“చిక్కుడు మాత్రం మంచిగ కాసింది. మా సాలుకు ఈ ఏడు పేను పట్టింది, చూసినవా? నీ దానికి ఎట్ల పట్టలే?”

“బూడిద చల్లిన. పొద్దుగాల మంచు ఉండంగనే చల్లాలె.”

“నువ్వొచ్చి మా దానికి చల్లరాదే?”

“పెద్దబాపు దిగనియ్యడు.”

“పగటీలి తిని పండుకుంటడు. ఫిరంగి పేల్చినా లేవడు. అప్పుడు పోదాం తియ్” అంది ఆమె, నోట్లో ముద్ద ఉండగానే నవ్వుతూ. ఇంకొంచెం అన్నం పెట్టమన్నట్టు కంచం నా వైపు జరిపింది.